హరదా వాళ్ళమ్మకు ఒక మాట

ధర్మవరం,
3 జూన్ 1977

తమ్ముడు శ్రీరంగప్పకు,

అక్క దీవెనలు. ఈ నెలాఖరుకు మద్రాసు రేవుకు వస్తామని రాశావు కాబట్టి ఈ ఉత్తరం మీ కంపెనీ ఆఫీసుకు వేస్తున్నాను. ఎవరి చేతుల్లోనో నలిగి, నూనె మరకలతో నీకు చేరుతుందని తెలుసు. ఓడలో వంటవాడి ఉత్తరానికి ఆ రాత తప్పదు కదా.

మంచి మాటతో మొదలుపెడదామని వెతికితే ఒక్కటే దొరికింది. మీ బావ మగ్గం ఆగలేదు. వాన సంగతి అడగవద్దు. మా స్కూలు బావిలో బొక్కెన వేస్తే మట్టి పైకి వస్తోంది.

ఇక చెడ్డ మాట. మన ముందు గదిలో ఉండే జపాను అబ్బాయి హరదా పోయాడు. పోయిన ఉగాదికి వచ్చినప్పుడు నువ్వు చూశావు. పల్లెల్లో పట్టుపురుగులు పెంచడం నేర్పుతానని వచ్చినవాడు. రాగిసంకటిని రెండు పుల్లలతో తినబోయి నిన్ను నవ్వించినవాడు. జ్వరం వచ్చింది, మాత్రలకు తగ్గింది, మళ్ళీ తిరగబెట్టింది. ఒక మధ్యాహ్నం ఒళ్ళు కాలిపోతుంటే ఆఫీసు జీపులో అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఆసుపత్రి చేరకముందే, దారిలో, నా ఒళ్ళో తల పెట్టుకుని పోయాడు.

పోయే ముందు వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మాట్లాడే పిల్లవాడికి ఎవరో ఒకరు పలకాలి కదా. పెదవులకు నీళ్ళు అద్దుతూ, ప్రతి మాటకూ ఊఁ అన్నాను. ఊఁ నాయనా, ఊఁ అంటూనే ఉన్నాను. కాసేపటికి ఊఁ అనడానికి వాడి నుంచి మాటలు రాలేదు.

వాళ్ళ ఆఫీసాయన, ఆసుపత్రిలో అన్ని వైద్యాలూ చేసినా దక్కలేదని వాళ్ళమ్మకు రాశాడట. "ఎందుకు సామీ, జరిగింది జరిగినట్ల రాయొచ్చు గదా" అని అడిగాను. "దావలో పోయినాడంటే ఆయమ్మ ఇంకా కుమిలిపోతాది తల్లీ. ఇట్ల రాస్తేనే మంచిది" అన్నాడు. చెడ్డవాడు కాదు, ఆయనకు తెలిసిన మంచి అదే.

నీకు చెప్పేదేముంది, నా బిడ్డ ఎర్రిస్వామి డెబ్భై ఒకటి యుద్ధంలో పోయినప్పుడు మాకు వచ్చింది ఒక టెలిగ్రాం. ఆ తర్వాత ఒక సర్కారు కాగితం. ఎక్కడ పడ్డాడు, పక్కన ఎవరున్నారు, దాహమన్నాడా, ఎవరైనా నీళ్ళిచ్చారా, ఏమీ తెలియదు. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నలతోనే పొయ్యి వెలిగిస్తున్నాను. ఆ జపాను తల్లికి నా గతి పట్టకూడదు. నీ కొడుకు ఒంటరిగా పోలేదమ్మా అన్న ఒక్క మాట ఆమె చెవిన పడాలి.

మీ ఓడ ఇనుము తీసే బళ్ళారి ఎర్రమన్ను మోసుకుని కోబెకే కదా పోయేది. నీకు ఆ భాష కాస్త వచ్చు. అయితే చేపలు బేరమాడే భాష కాదు నాకు కావలసింది. కొడుకు పోయిన తల్లి ఎదుట నిలబడి ఏ మాటలనాలో అవి నేర్చుకో. వాళ్ళమ్మ రాసిన ఉత్తరం వెనక ఉన్న చిరునామాను చూసి చూసి ముగ్గు వేసినట్టు కాగితం మీద గీశాను. దీంతోపాటు పంపుతున్నాను.

వేళకు తింటున్నావో లేదో తెలియని
అక్క
లక్ష్మీనరసమ్మ


కోబె రేవు,
19 జూలై 1977

అక్కకు శ్రీరంగడి దండాలు.

నీ ఉత్తరం మద్రాసులోనే అందింది. నూనె మరక కాదు, చింతపండు మరక. నువ్వు అన్నీ తెలిసినదానివే గానీ మా ఓడ వంటగది సంగతి తెలియదు.

హరదా మాట చదివి చాలాసేపు వంటగది తలుపు దగ్గరే కూర్చున్నాను. సముద్రం మీద ఏదైనా నమ్మడానికి ఆలస్యం పడుతుంది అక్కా. పగలంతా నీళ్ళు, ఆకాశం ఒకే రంగులో కలిసిపోయి ఉంటాయి. కింద గదుల్లో బళ్ళారి మన్ను. మన పక్క కొండ ఒకటి నా కాళ్ళ కింద పడుకుని నాతోబాటు జపాను వస్తోందని అనిపిస్తుంది. ఆ కొండ మీద నిలబడి చూస్తే ఎండలో హరదా సైకిలు తొక్కుకుంటూ పోతున్నట్టే ఉంది. వాడు లేడని ఎట్లా నమ్మేది.

సరే, నువ్వు చెప్పిన పని మొదలుపెట్టాను. రేవు ఎదురుగా ఒనిషి అనే ముసలాయన మంగలి షాపు ఉంది. ఓడలవాళ్ళకు క్షవరం చేసీ చేసీ ఇంగ్లీషు నేర్చుకున్నాడు. సంగతి చెప్పగానే కత్తెర పక్కన పెట్టి, రేడియో ఆపి, నన్ను నిటారుగా కూర్చోమన్నాడు. సగం గడ్డం సబ్బుతోనే పాఠం విన్నాను.

చావింటి గుమ్మంలో అనవలసిన మాట ఇది: "కొనొ తబి వా, గొషూషో సమ దె..." మీకు ఎంతో దుఃఖం కలిగింది అని దాని అర్థం. చివర ఇంకో మాట ఉంది కానీ దాన్ని పైకి అనకూడదట. గొంతులోనే వదిలేయాలి. నేను మొత్తం స్పష్టంగా అంటే ఒనిషికి నచ్చలేదు. "హోటల్లో ఆర్డరు చెప్తున్నట్టుంది. నీ గొంతు మధ్యలో ఆగిపోవాలి" అన్నాడు. ఉల్లిగడ్డలు కోస్తూ సాధన చేస్తున్నాను. కళ్ళ నీళ్ళు కూడా తోడు వస్తున్నాయి.

ఇంకా చాలా ఉంది. చచ్చిపోయాడు అనకూడదు, లేకుండా అయ్యాడు అనాలి. మళ్ళీ అనే మాట, ఇంకోసారి అనే మాట నోట రాకూడదు, ఆ దుఃఖం తిరిగి వస్తుందని భయం. ఉత్తరం రాస్తే ఒక్క కాగితంతో సరిపెట్టాలి. కాగితం మీద కాగితం అంటే చావు మీద చావును పిలిచినట్టట. అన్నిటికన్నా పెద్ద నియమం, ఎట్లా పోయాడని అడగకూడదు. వాళ్ళు అడగకుండా మనమూ చెప్పకూడదు.

ఇది చదివి నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ.

బావకు నా దండాలు.
శ్రీరంగడు


ధర్మవరం,
16 ఆగస్టు 1977

శ్రీరంగప్పా,

కోపం వచ్చింది.

నేను నిన్ను పంపేది మాట చెప్పడానికా, మింగడానికా? మన దగ్గర చావింటికి పోయి ఎట్లా పోయాడని అడగకపోతే ఆ ఇంటివాళ్ళు బతికినన్నాళ్ళూ ఎత్తిపొడుస్తారు, వచ్చింది గాని ఒక్క మాట అడగలేదు అని. పోయినవాళ్ళ కథ పదిమందికీ పదిసార్లు చెప్తేనే కదా గుండె కాస్త తేలికయ్యేది. మీ ఒనిషి మంచివాడే కావచ్చు. కానీ క్షవరం చేయించుకునేవాణ్ణి నోరు మూసుకోమనడం ఆయన వృత్తిలో అలవాటు.

నేను హరదాను ఏడ్చినది ఏడ్చినట్టు కింద రాస్తున్నాను. దీన్ని వాళ్ళ భాషలోకి మార్చి ఆమె ముందు చదువు.

"ఏ తల్లి కన్న బిడ్డవో నాయనా, మా ఎండల పాలైతివా! సముద్రాలు దాటి మా పురుగులకు ఆకు ఏసేదానికి వస్తివా! సల్లని దేశం ఇడిసి ఈ బండల మీదికి ఎందుకొస్తివి కొడుకా! మీయమ్మ యాడుందో, నేను ఈడ ఉండా. ఆయమ్మ ఒడి అనుకొని నా ఒళ్ళో పండుకొంటివా! నువ్వు పిలిస్తివి, నేను పలికితి. ఏమని పిలిస్తివో నాకు తెలియకపాయ కొడుకా!"

ఒక్క మాట కూడా తగ్గించవద్దు. నువ్వు దేశాలు తిరిగి మర్యాదలు నేర్చి, మన ఏడుపు నలుగురిలో వినిపించాలంటే సిగ్గుపడుతున్నావేమోనని నా అనుమానం.

ఇక్కడ మల్బరీ ఆకంతా మాడిపోయింది. హరదా నేర్పిన పల్లెల్లో పురుగుల్ని తట్టలతో ఎత్తి పారబోస్తున్నారు. వాడు ఉంటే చూడలేకపోయేవాడు. ఒకసారి పురుగులు ఆకు తినే గదిలో నన్ను కళ్ళు మూసుకోమన్నాడు. గది నిండా జల్లు కురుస్తున్న చప్పుడు. "వాన, వాన" అని తెలుగులో చెప్పి నవ్వాడు. ఆ ఏడు నేను విన్న వాన అదొక్కటే.

అక్క


కోబె రేవు,
8 అక్టోబరు 1977

అక్కా,

సిగ్గా? ఎర్రిస్వామి టెలిగ్రాం వచ్చిన రోజు నడివీధిలో పడి పొర్లింది ఎవరు? ఆ మాట ఎట్లా రాయబుద్ధి అయింది నీకు. ఓడ మలుపు తిరిగే దాకా నీ మీద అలిగాను. మలుపు తిరిగాక అలక నిలవలేదు, గాలి అటువంటిది.

నీ ఏడుపును ఒనిషి దగ్గరికి తీసుకుపోయాను. మార్చడం నావల్ల కాలేదు. చివరికి తెలుగులోనే, మన రాగంలోనే చదివాను. కుర్చీలో ఉన్న కొరియా నావికుడు ముఖానికి సబ్బుతోనే లేచి నిలబడ్డాడు. ఒనిషి కత్తి తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "ఇది ఆ గుమ్మంలో చదివితే ఆమె పడిపోతుంది. మేం పడిపోము. వచ్చినవాళ్ళు వెళ్ళేదాకా నిలబడాలి. అందుకే నిలబడడానికి సరిపోయే మాటలే చెప్తాం."

ఆయన కొడుకూ సముద్రం మీద పోయాడట. ఇన్నేళ్ళుగా గడ్డం గీయించుకుంటున్నాను, ఆ రోజే చెప్పాడు. నేను అడగలేదు, నియమం గుర్తొచ్చి. అడిగి ఉండాల్సిందేమో తెలియదు.

ఈసారి హరదా ఊరికి పోలేకపోయాను. మన్ను దించగానే ఓడ కదిలింది. వచ్చే జనవరిలో తప్పకుండా పోతాను. నియమాల ప్రకారమే పోతాను. నీకు ఇష్టం లేకపోతే వద్దని రాయి, మానేస్తాను.

శ్రీరంగప్ప


ధర్మవరం,
2 డిసెంబరు 1977

తమ్ముడా,

నువ్వు బతికే ఉన్నావని మీ కంపెనీ వాళ్ళు తంతి ఇచ్చారు. అది అందేదాకా మాకు అన్నం దిగలేదు. కోస్తాలో ఉప్పెన వచ్చి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయని రేడియోలో చెప్తుంటే మీ ఓడ ఏ మూల ఉందో తెలియక నేను పిచ్చిదాన్నయ్యాను. మీ బావ రోజూ రైల్వే స్టేషనుకు పోయి, మద్రాసు నుంచి వచ్చే రైళ్ళలో దిగినవాళ్ళను సముద్రం సంగతి అడిగాడు. సముద్రం చూడనివాళ్ళను కూడా అడిగాడు. మనకు మాత్రం మబ్బు పట్టింది, రెండు చినుకులు వేసింది, పోయింది.

నీ మీద కోపం ఆ రేడియో దగ్గరే తీరిపోయింది.

నిన్న పగలు స్కూలు నుంచి వచ్చి నడుం వాల్చితే కల వచ్చింది. మగ్గం గుంత అంచున హరదా, ఎర్రిస్వామి పక్కపక్కన కూర్చుని కాళ్ళు ఊపుతున్నారు. గుంతలో మగ్గం లేదు, నీళ్ళున్నాయి, తేటగా. వాళ్ళ కాళ్ళు తడుస్తున్నాయి. ఒకడు వాళ్ళ భాషలో, ఒకడు మన భాషలో మాట్లాడుకుంటున్నారు. ఇద్దరికీ అర్థమవుతోంది. నాకే ఏమీ వినబడలేదు, పురుగుల వాన చప్పుడు అంతగా ఉంది. లేచి చూస్తే మీ బావ మగ్గం మీదే ఉన్నాడు, ఎర్ర అంచు నేస్తున్నాడు.

నువ్వు పో. వాళ్ళ నియమాల ప్రకారమే పో. మళ్ళీ అనే మాట పనికిరాదని రాశావే, దాని గురించి ఆలోచించాను. మనమూ చావింటి నుంచి పోయొస్తాం అని చెప్పం కదా. చెప్తే ఇంకో చావుకు వస్తామన్నట్టని, మాట్లాడకుండా లేచి వచ్చేస్తాం. అంటే వాళ్ళూ మనలాంటివాళ్ళే. కానీ శ్రీరంగా, సందు దొరికితే మాత్రం జీపు సంగతి చెప్పు. ఊఁ అన్నానని చెప్పు.

చల్లటి దేశం, తలకు మఫ్లర్ కట్టుకో.
అక్క


కోబె రేవు,
21 జనవరి 1978

అక్కా,

పోయి వచ్చాను. ఓడ తెల్లవారి బయలుదేరుతుంది, అందుకే ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను.

రైలు దిగి నడిచాను. ఊరంతా మంచు. తెల్లగా, చప్పుడు లేకుండా, ఎవరో ఊరి మీద పట్టు పరిచి మరిచిపోయినట్టుంది. నువ్వు గీసిన చిరునామా చూపిస్తే ఒక పెద్దాయన నవ్వకుండా చదివి దారి చూపించాడు. నీ ముగ్గు తప్పు పోలేదు.

ఆమె గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుంది. చిన్న మనిషి. వెనక గదిలో హరదా ఫొటో, దాని ముందు ఒక నారింజ పండు, పొగ. ఫొటోలో వాడు మన బండరాళ్ళ మధ్య నిలబడి నవ్వుతున్నాడు. బహుశా నువ్వే తీయించి ఉంటావు. నేను వంగి ఆ మాటలు చెప్పాను. సాధన చేయవలసిన పనే లేకపోయింది. ఆ ఫొటో చూశాక గొంతు దానంతట అదే ఆగిపోయింది.

ఆమె వంగి జవాబు చెప్పింది. ఇంత దూరం శ్రమపడి వచ్చారు అని. కోబెకు ఇండియా మన్ను తెచ్చే ఓడలో వంటవాణ్ణి, అక్కడ మీ అబ్బాయి ఉన్న ఇల్లు మా అక్కది అన్నాను. ఇంకోసారి వంగింది. అంతే. ఏమీ అడగలేదు. నేను ఎదురుచూశాను. ఏదో ఒకటి అడుగుతుందని, నోటి దాకా వచ్చిన మాటను పట్టుకుని కూర్చున్నాను. ఆమె లేచి లోపలికి పోయింది. లోపల గిన్నెల చప్పుడు. ఇక అక్కడ ఉండి ఆ తల్లిని ఇబ్బంది పెట్టడం ఎందుకనిపించింది. ఫొటోకు దండం పెట్టి, మన పద్ధతిలో ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేశాను.

నియమం ఒక్కటీ తప్పలేదు. నీ మాట మాత్రం చెప్పలేదు. అడగలేదు అక్కా, ఏం చేసేది.

శ్రీరంగడు


ధర్మవరం,
14 ఫిబ్రవరి 1978

తమ్ముడు శ్రీరంగప్పకు,

ఉత్తరం చేరింది. చెప్పకుండా లేచి రావడం మాత్రం మంచి పని చేశావు. ఎక్కడున్నా మనింటి పద్ధతి మరవలేదు.

మిగతా దానికి నిన్ను ఏమీ అనను. మీ బావకు చదివి వినిపించాను. "ఊరుకోమ్మే, మనోడు ఆ మంచులో అంత దూరం పోయినాడు గదా, అదే పదివేలు" అన్నాడు. నిజమే. కానీ నాకు మాత్రం ఆమె లోపల గిన్నెలు కడుగుతూ నేను అడిగే ప్రశ్నలే తనలో తాను అడుగుతోందని అనిపిస్తోంది. ఆసుపత్రిలో ఎవరైనా చెయ్యి పట్టుకున్నారా అని. మంచం కిటికీ దగ్గర వేశారా అని. ఆ ఆసుపత్రే అబద్ధం కదా. ఆమె లేని మంచం పక్కన కూర్చుని ఏడుస్తోంది.

మనం చేయగలిగింది చేశాం. ఇక ఈ సంగతి ఎత్తను. నీకు పెళ్ళి సంబంధం ఒకటి కళ్యాణదుర్గం నుంచి వచ్చింది, నువ్వు ఎటూ వద్దంటావు కాబట్టి నేనే వద్దని చెప్పేశాను.

అక్క


కోబె రేవు,
29 ఏప్రిల్ 1978

అక్కా,

ఈ ఉత్తరం పక్కన బావను కూర్చోబెట్టుకుని చదువు.

మొన్న ఓడ ఆగగానే ఒనిషి రేవు గేటు దగ్గరికే వచ్చాడు, షాపు కోటుతోనే. "ఏం చేసి వచ్చావయ్యా నువ్వు?" అన్నాడు. షాపులోకి పోతే బల్ల మీద హరదా వాళ్ళమ్మ కూర్చుని ఉంది.

జనవరిలో ఆమె లోపలికి పోయింది నాకు టీ పెట్టడానికట. టీ తెచ్చేసరికి నేను లేను. మంచులో అడుగులు మాత్రం ఉన్నాయట. ఆలస్యం చేసి నాకు కోపం తెప్పించానని, కొడుకు కోసం వచ్చిన మనిషిని అవమానించానని ఆమె భయం. మర్నాడే రేవుకు వచ్చిందట, అప్పటికి మా ఓడ వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి ఇండియా మన్ను ఓడ ఏది వచ్చినా రైలెక్కి వచ్చి, గేటు దగ్గర వంటవాడి కోసం అడుగుతోందట. గేటువాళ్ళు చివరికి ఒనిషి దగ్గరికి పంపారు.

నన్ను చూసి లేచి, నడుము దాకా వంగి క్షమించమంది. నాకు ఏం చేయాలో తోచక నేనూ వంగాను. ఇద్దరం వంగే ఉన్నాం, ఒనిషి కేకలేసి కూర్చోబెట్టాడు. ఆయన ఇంగ్లీషు, నా ముక్కలు కలిపి చెప్పాను, మా ఊళ్ళో చావింటి నుంచి చెప్పకుండానే రావాలి, చెప్తే చావు మళ్ళీ వస్తుందని మా భయం అని. ఆమె చేత్తో నోరు మూసుకుంది. నవ్వో, ఏడుపో నాకు తెలియలేదు. తర్వాత అడిగింది, "మీ ఊళ్ళో ఇంకా ఏం చేస్తారు?"

అక్కా, సందు దొరికింది. "పోయినవాళ్ళు ఎట్లా పోయారో చెప్పుకుంటాం. వచ్చినవాళ్ళు వింటారు" అన్నాను.

ఆమె రేవు వైపు తిరిగింది. మా ఓడ నుంచి మన్ను దించుతున్నారు, గాలంతా ఎర్రగా ఉంది. "అయితే నాకు చెప్పండి" అంది.

అంతా చెప్పాను. ఆసుపత్రి కాదని, జీపు అని, నీ ఒడి అని, నీళ్ళు అద్దావని. వాడు మాట్లాడాడని, నువ్వు ఊఁ అన్నావని. ఎట్లా అన్నారు అని అడిగింది. నేను ఊఁ అన్నాను. ఇంకోసారి అనమంది. అన్నాను. పిల్లలు నిద్రమత్తులో ఏదో చెప్తుంటే అక్కడి తల్లులూ అట్లాగే అంటారట. "అయితే వాడికి అర్థమై ఉంటుంది" అంది. అప్పటికీ ఆమె కన్నీరు పెట్టలేదు. ఒనిషి మాత్రం తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

మీ అక్క నా కోసం ఇంత ఎందుకు తాపత్రయపడింది అని అడిగింది. ఎర్రిస్వామి సంగతి చెప్పాను. టెలిగ్రాం సంగతీ, ఎవరున్నారో తెలియని సంగతీ చెప్పాను.

ఆమె లేచింది. బట్టలు సర్దుకుంది. ఇండియా ఎటువైపు అని ఒనిషిని అడిగింది. ఆయన షాపు తలుపు వైపు చూపించాడు. ఆ తలుపు వైపు తిరిగి, చేతులు మోకాళ్ళ మీదికి జార్చి, వంగి, ఆ మాటలు అంది. నేను నేర్చుకున్న మాటలే. కొనొ తబి వా, గొషూషో సమ దె. చివరి మాట ఆమె గొంతులో ఆగిపోయింది. అది నీకు అక్కా. నీకూ, బావకూ. ఎర్రిస్వామి కోసం.

రోజూ పొద్దున కొడుకు ఫొటో ముందు అన్నం, టీ పెట్టి పేరు పెట్టి పిలుస్తుందట. ఎర్రిస్వామిని కూడా పిలుస్తానంటోంది. పేరు రాసిచ్చాను గానీ, మిమ్మల్ని అడగకుండా పిలవదట. ఏమని చెప్పమంటారు?

శ్రీరంగడు


ధర్మవరం,
17 మే 1978

తమ్ముడా,

నీ ఉత్తరం చేరి వారం దాటింది. ఇప్పటికి రాయగలిగాను.

నువ్వు చెప్పినట్టే మీ బావ పక్కన కూర్చుని చదివాను. ఆమె తలుపు వైపు తిరిగి వంగిందన్న చోట ఉత్తరం ఒళ్ళో పెట్టేసుకున్నాను. నీకు తెలుసు కదా, ఎర్రిస్వామి పోయాడని కాగితం వచ్చినా మన ఇంటికి పరామర్శకు ఎవరూ రాలేదు. శవం లేదు. "తప్పు టెలిగ్రాం అయ్యుంటాది, వస్తాడులే" అన్నారు అందరూ. మన మీద ప్రేమతోనే అన్నారు. వచ్చి ఏడిస్తే వాణ్ణి వాళ్ళే చంపినట్టవుతుందని భయపడ్డారు. నేనూ పైకి ఏడవలేదు. వీధిలో నువ్వు పొర్లుతుంటే నిన్ను లేపి, తప్పు టెలిగ్రాం అని నీకు సర్దిచెప్పాను. ఇన్నేళ్ళకు, నీ కొడుకు పోయాడమ్మా, నీకు పెద్ద దుఃఖం వచ్చింది అని నా ముఖాన ఒప్పుకున్నది ఆమె ఒక్కతే. మింగేసే మాటలని ఎగతాళి చేశానే, ఆ మాటలే నన్ను నిలబెట్టాయి.

పేరు సంగతికి వస్తాను. పిలవమను అని రాయబోతున్నాను. మీ బావ మగ్గం గుంతలో నుంచే, "ఆ పేరు ఒద్దు" అన్నాడు. నేను భయపడ్డాను. వాడి మాట ఎత్తితే ఆయన ఎప్పుడూ లేచి పోయేవాడు. ఈసారి గుంతలో నుంచి పైకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఎర్రిస్వామి అనేది పటాలంలో రాసుకున్న పేరు. ఆ పేరుతో పిలిస్తే ఎవురో పై ఆఫీసరు పిలిచినాడనుకుంటాడు. బుడ్డప్పా అని పిల్సమను ఆయమ్మను. అట్ల పిలిస్తే యాడున్నా పలుకుతాడు" అన్నాడు.

అందుకని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, ఒనిషి గారి చేత వాళ్ళ లిపిలో రాయించి ఆమెకు ఇవ్వు: బుడ్డప్పా.

చివర సాగదీయాలని ఆమెకు ఎట్లా రాసేది అని అడిగాను. "ఇట్ల అని రాయి" అంటూ మీ బావ గుమ్మంలోకి పోయి, చిన్నప్పుడు వాణ్ణి అన్నానికి పిలిచినట్టే, వీధి చివరి దాకా వినబడేలా పిలిచాడు. ఒకసారి కాదు. గొంతు పోయేదాకా పిలిచాడు.

పక్కింటి ఓబమ్మ పిండి చేతులతో బయటికి వచ్చింది. ఎదురింటి మగ్గం ఆగింది. ఎవరూ ఏమైందని అడగలేదు. ఓబమ్మ మెట్లెక్కి వచ్చి, ఆ పిండి చేతులతోనే నన్ను పట్టుకుని, "ఇప్పుడన్నా ఏడ్సు నరసమ్మా, నేనుండా" అంది. వీధంతా వచ్చి మన అరుగు మీద కూర్చుంది శ్రీరంగా. మీ బావ చెప్తున్నాడు, బుడ్డప్ప పుట్టిన నాటి నుంచి, ఒక్కొక్కటే. వాళ్ళు వింటున్నారు. నేను ఏడ్చాను.

అక్క
లక్ష్మీనరసమ్మ